కొక్కెం తీసింది ఎందుకంటే

నా నోరు మంచిది కాదని బర్మాలోని మా అహ్లోన్ రేవు వీధిలో అందరికీ తెలుసు. టీ నీళ్ళలా ఉందన్నవాడికి, అయితే పోయి నదిలోనే తాగమని చెప్పే మనిషిని. ఇంత నోరుండి, జీవితంలో ఒక్కసారి నిజంగా మాట్లాడాల్సి వచ్చినప్పుడు సగమే చెప్పి ఊరుకున్నాను. ఆ సగాన్ని పట్టుకునే, మా తమ్ముణ్ణి పోలీసు కాల్చడం సబబేనని రాసుకున్నారు.

తమ్ముడంటే మా చిన్నాన్న కొడుకు. నాకంటే పదేళ్ళు చిన్నవాడు. రేవులో బస్తాలు మోసేవాడు. మా తాత విశాఖపట్నం నుంచి ఓడెక్కి వచ్చింది ఆ పనికే. తాత తర్వాత చిన్నాన్న, చిన్నాన్న తర్వాత వీడు. బియ్యం బస్తాలు, మినుముల బస్తాలు. బస్తాని లాగడానికి కొక్కెం ఉంటుంది కదా, కర్రపిడికి బిగించిన వంకర ఇనుము, జానెడు పొడవు. పని లేనప్పుడు దాన్ని భుజం మీద తువ్వాలుకి తగిలించుకుంటారు.

మా వాళ్ళలో ఒక పద్ధతుంది. పెద్దవాడి ముందు, పాస్టరుగారి ముందు, మేస్త్రీ ముందు, ఎవరైనా అధికారి ముందు కొక్కెం భుజాన వేసుకుని నిలబడకూడదు. తీసి, వంగి, మొన తన వైపే ఉండేలా కాళ్ళ దగ్గర పెట్టుకుని అప్పుడు మాట్లాడాలి. దొరల కాలంలో పుట్టిందట ఇది. చేతికి అందేలా ఇనుము పెట్టుకున్న కూలివాడు ఎదురుగా నిలబడితే దొరలకి గుబులు పుట్టేదట. నీకు నావల్ల ఏ భయమూ లేదు దొరా అని చెప్పడానికి మావాళ్ళు కొక్కెం కింద పెట్టడం మొదలుపెట్టారు. దొరలు పోయారు, పద్ధతి మాత్రం ఉండిపోయింది. మా తమ్ముడు నా కొట్టుకి టీకి వచ్చినప్పుడు కూడా కొక్కెం తీసి గడప పక్కన పెట్టేవాడు. "నానేటి నీకు దొరసానినేట్రా?" అని వెక్కిరించేదాన్ని. "నోరు సూస్తే అలగే ఉందప్పా" అనేవాడు.

ఆ వారం వీధి మొదట్లో ఇసుక మూటలు పేర్చి కొత్తగా తనిఖీ పెట్టారు. అంతకు నాలుగు రోజుల ముందు ఊళ్ళో ఇంకెక్కడో ఒక పోలీసుని ఎవరో కత్తితో పొడిచారని విన్నాం. మా వీధి తనిఖీ దగ్గర కాపలా ఉన్న ఆఫీసరు నాకు ముందు నుంచీ తెలిసినవాడే. ముప్ఫై ఏళ్ళుంటాయేమో, బర్మావాడు, మర్యాదస్తుడు. రోజూ నా కొట్లో టీ తాగేవాడు. ఆంటీ ఆంటీ అని పిలిచేవాడు. చక్కెర ఎక్కువ వేయమని గొణిగేవాడు.

పొద్దున్న పదింటికి తమ్ముడు రేవు వైపు నుంచి నడిచొస్తున్నాడు. తలొంచుకుని వస్తున్నాడు. ఆ ఆఫీసరు ఆగమని అరిచాడు. తమ్ముడు ఆగాడు. తలెత్తి చూశాడు, ఎదురుగా ఆఫీసరు. కుడి చెయ్యి భుజం మీదికి పోయింది. కొక్కెం చేతిలోకి వచ్చింది. వంగడానికి మోకాలు కొంచెం మడిచాడు కూడా. నేను గిన్నె కడుగుతూ చూస్తున్నాను. అంతే, పేలింది. ఒక్కటే. వాడు కూర్చుండిపోయి, పక్కకి ఒరిగాడు.

నేనెలా పరుగెత్తానో నాకు తెలియదు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. రెక్క పట్టుకుని వార్డు ఆఫీసుకి తీసుకెళ్ళి బెంచీ మీద కూర్చోబెట్టారు. విచారణకి వచ్చిన పెద్దాఫీసరు మంచినీళ్ళిప్పించి, "ఏం చూశావు అమా?" అని అడిగాడు. అమా అంటే వాళ్ళ భాషలో అక్క. చూసింది చూసినట్టే చెప్పాను. ఆగమన్నారు, ఆగాడు, కొక్కెం చేతిలోకి తీసుకున్నాడు, కాల్చారు. అతను రాసుకున్నాడు. ఇంకేమైనా ఉందా అని అడిగాడు. లేదన్నాను.

ఆ 'లేదు' తలుచుకుంటే ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. ఎందుకు చెప్పలేదంటే, అది చెప్పాల్సిన సంగతని నాకు తట్టలేదు. గుమ్మంలో చెప్పులు విడిచాడని ఎవరైనా పనిగట్టుకుని చెబుతారా? పెద్దమనిషి కనబడితే కొక్కెం తీస్తారు, అంతే. ఎదుటివాడికి ఆ పద్ధతి తెలియదన్న ఊహే రాలేదు నాకు. అరవై ఏళ్ళు దగ్గరపడుతున్నాయి, ఈ ఊళ్ళోనే పుట్టాను, ఈ మాత్రం తెలియకపోయింది.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు గుడి వెనక గదిలో కూర్చున్నారు. తలుపులేసి గడియ పెట్టారు. శవం ఇంకా ఆసుపత్రిలోనే ఉంది. సోమవారం నేను వెళ్ళి పూర్తి వాంగ్మూలం మీద సంతకం పెట్టాలి, సంఘం తరఫున ఒక పెద్దమనిషి సాక్షి సంతకం పెట్టాలి, అప్పుడే శవాన్ని ఇస్తామన్నారు. ఏమని పెట్టాలన్నదే మాట. అక్కడ కాసేపట్లోనే ఆఫీసరు చేసింది తప్పా ఒప్పా అన్న వాదన లేచింది.

అందరికంటే పెద్దవాడు వరసకు నాకు మావయ్య. ఎనభై ఏళ్ళవాడు. రైసుమిల్లులో టైమ్‌కీపరుగా చేసి దిగిపోయాడు. బర్మా కాగితాలు చదవాలన్నా రాయాలన్నా సంఘంలో ఆయనే ముందు, నాలాంటివాళ్ళం ఆయన తర్వాతే. ఆయన నెమ్మదిగా అన్నాడు.

"మనోడు తప్పుసేసినాడని నాను అన్ను. గాని ఆ ఆపీసరు సోట్లో నిలబడి సూడండి. నాలుగు రోజుల కిందే ఆలోడ్ని పొడిసీసినారు. ఈడు ఆగినాడు, బాగుంది. ఆగినోడు సెయ్యి భుజం మీదకి ఏటికెత్తాలి? అది మనకి పనిముట్టు. తెలీనోడికి అది ఆయుదం."

నాకు ఒళ్ళు మండిపోయింది. "పదేను అడుగుల దూరం ఉంది మావయ్యా! జానెడు కొక్కెం అక్కడ్నించి ఎలగ తగుల్తాది? ఇంకోపాలి అరిస్తే నోరేటి అరిగిపోద్దా ఆడికి?"

"ఇసిరితే?"

"ఇసిరితే తప్పుకోవాలి. తుపాకీ ఉన్నోడికి కాళ్ళు లేవేటి?"

వెనక నుంచి ఎవరో, పోనీ కాలి మీద కాల్చకూడదా అన్నారు. ఇంకెవరో దానికి, గుండె దడదడలాడుతున్నప్పుడు కాలేదో చెయ్యేదో చూసుకుని కాలుస్తారా అన్నారు. అలా మాట మీద మాట లేచింది. భయపడ్డవాడి మీద జాలిపడాలన్నారు కొందరు. భయపడేవాడి చేతికి తుపాకీ ఎందుకన్నాను నేను. మావయ్య నా మాట కొట్టిపారెయ్యలేదు. అదే నాకు ఇంకా కోపం తెప్పించింది. ఆయన ఒక్కటే అడిగాడు: "మన పద్దతి అతనికి ఎవులు సెప్పినారు? మనం ఎప్పుడైనా సెప్పినామా?" నిజంగా ఎవరూ చెప్పలేదు. వందేళ్ళు పైబడి ఈ ఊళ్ళో ఉన్నాం, మా గుట్టు మా దగ్గరే పెట్టుకుని బతికాం.

మూలన చాప మీద కూర్చుంది మా మరదలు, తమ్ముడి భార్య. అప్పటిదాకా ఉలుకూ పలుకూ లేదు. లేచి నిలబడింది. "మీరు తప్పొప్పులు తేల్సుకునే సరికి ఆయన ఆ ఐసుపెట్టిలో గడ్డకట్టీగల్డు. ముందు తెచ్చీండి నాయినా" అంది.

బయటికి వచ్చాక నా చెయ్యి పట్టుకుంది. ఆమెకి చదువు లేదు. బర్మా మాట గడగడా మాట్లాడుతుంది గాని అక్షరం ముక్క రాదు, ఏ భాషలోనూ. "వదినా, ఆయన కొక్కెం ఎందుకు తీసినాడో నీకు తెల్సు కదా. అదొక్క ముక్క రాయించు. కొట్టడానికి తీసినాడని రాస్తే, ఆ కాయితంతో ఆయన్ని మట్టిలో ఎట్టలేను" అంది. రాయిస్తానని మాటిచ్చాను. శవమూ రావాలి, ఆ ముక్కా ఉండాలి. నా నెత్తిన పడ్డ బరువు అది.

సోమవారం పొద్దున్న కొట్టు తెరిచేసరికి ఆ ఆఫీసరు వచ్చి కూర్చున్నాడు. ఎప్పుడూ కూర్చునే స్టూలు మీదే. వారం రోజులు డ్యూటీ నుంచి పక్కన పెట్టారట, యూనిఫాం లేదు. పొమ్మనాలని ఉంది. అనలేను. కొట్టు మూసెయ్యాలని ఉంది. మూస్తే ఎందుకు మూశావంటారు. టీ పోసి పెట్టాను. ఈ చేతుల్తో, మా తమ్ముణ్ణి చంపినవాడికి, చక్కెర ఎక్కువేసి మరీ పోశాను. ఆ చక్కెర అలవాటుగా పడిపోయింది. అది చూసుకుని నాకు ఏడుపొచ్చింది.

అతను టీ ముట్టుకోలేదు. "ఆంటీ, మీరు చూశారు కదా. అతను నా మీదికి ఎత్తాడు కదా?" అన్నాడు బర్మాలో.

"ఎత్తలేదు. కింద పెట్టబోయాడు."

"ఎందుకు పెడతాడు? నేను పెట్టమనలేదే. ఆగమనే అన్నాను."

అప్పుడు చెప్పాను అతనికి. దొరల సంగతి, మేస్త్రీల సంగతి, మొన తన వైపు తిప్పుకోవడం, అంతా. వింటుంటే అతని ముఖం పాలిపోయింది. "మరి నాకెవరూ చెప్పలేదు" అన్నాడు.

"నువ్వెప్పుడైనా అడిగావా? రోజూ ఇక్కడే కూర్చుంటావు. వాడు కొక్కెం తీసి ఆ గడప పక్కన పెట్టడం ఎన్నిసార్లు చూసుంటావు?"

అతను గడప వైపు చూశాడు. తర్వాత, "ఒక్క క్షణం ఆంటీ. అంతే ఉంది నాకు. నా చోట మీరుంటే ఏం చేసేవారు?" అని అడిగాడు. ఏం చెప్పను? నా చేతిలో ఎప్పుడూ టీ గరిటె తప్ప ఏమీ లేదు. తెలియదన్నాను. తెలియదనడం నాకు నచ్చలేదు గాని అది నిజం. అతను తాగకుండానే లేచి వెళ్ళిపోయాడు.

పది గంటలకి వార్డు ఆఫీసుకి వెళ్ళాం. మావయ్య సాక్షి సంతకానికి వచ్చాడు. మరదల్ని లోపలికి రానివ్వలేదు, బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. గది చిన్నది, కిటికీకి చువ్వలు, తలుపు దగ్గర తుపాకీతో ఒక కాపలావాడు. బల్ల మీద తమ్ముడి కొక్కెం ఉంది, పిడికి చీటీ కట్టి.

విచారణ ఆఫీసరుకి అన్నీ చెప్పాను. ఈసారి పూర్తిగా చెప్పాను. అతను ఓపిగ్గానే విన్నాడు. విని, నమ్మనట్టు తల వంకరగా పెట్టాడు. "ఎలా తీస్తారో చూపించు అమా" అన్నాడు.

కొక్కెం తీసుకుని నా భుజం మీద పైటకి తగిలించుకున్నాను. వెనక్కి రెండడుగులు వేసి నిలబడ్డాను. మా తమ్ముడు ఎలా తలెత్తాడో అలా తలెత్తాను. చెయ్యి భుజం మీదికి పోనిచ్చి కొక్కెం తీశాను.

పక్కన ఖటక్కుమంది. కాపలావాడి తుపాకీ నా మీద ఉంది. "కింద పెట్టు!" అని గావుకేక పెట్టాడు. వాడికి మా మాటలు వినబడుతూనే ఉన్నాయి, అయినా చెయ్యి దానంతటదే లేచిందేమో. మావయ్య కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయాడు. నేను వంగాను. ఎంత నెమ్మదిగా వంగానో దేవుడికే తెలుసు. మొన నా వైపు తిప్పి నేల మీద పెట్టాను.

విచారణ ఆఫీసరు కాపలావాణ్ణి కసిరాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "చూశావా అమా? నువ్వు టీ అమ్ముకునే ఆడమనిషివి. ముందే చెప్పి మరీ చేశావు. అయినా వాడు భయపడ్డాడు. మరి వీధిలో ఉన్నవాడి మాటేమిటి?"

అప్పుడొచ్చింది నాకు నోరు. "భయపడ్డాడు సార్, కాదనను. కాని ఇతను కాల్చలేదు. కింద పెట్టమన్నాడు, పెట్టాను, బతికున్నాను. మా వాడికి అంతసేపు ఇవ్వలేదు. నేను అడిగేది అంతే."

కాపలావాడు గోడకేసి చూస్తున్నాడు. మావయ్య నా మాట విని మెల్లిగా తలాడించాడు. విచారణ ఆఫీసరు మాత్రం కలానికి మూత పెట్టాడు. "అది రాయడానికి ఇందులో చోటు లేదు" అన్నాడు. నిజమే, ఫారం నా వైపు తిప్పి చూపించాడు. చనిపోయినవాడి చేతిలో ఏముంది అన్న గడి ఉంది. ఎంత దూరం అన్న గడి ఉంది. ఎందుకు తీశాడన్న గడి లేదు. 'ఇనుప కొక్కెంతో దాడి చెయ్యబోగా' అని పైన ముందే రాసి ఉంది.

సంతకం పెట్టనంటే ఏమవుతుందని అడిగాను. ఏమీ కాదన్నాడు, ఇంటికెళ్ళిపోవచ్చన్నాడు. విచారణ సాగుతుంది, శవం ఆసుపత్రిలోనే ఉంటుంది, వాడి ఇంట్లో ఉండేవాళ్ళందర్నీ వార్డు జాబితా ప్రకారం ఒక్కొక్కరినే పిలుస్తారు, వాడితో పనిచేసిన వాళ్ళని కూడా. గొంతు పెంచకుండా చెప్పాడు. చువ్వల్లోంచి మరదలు కనబడుతోంది. తువ్వాలులో చుట్టి తెచ్చింది తమ్ముడికి తొడగాల్సిన తెల్లచొక్కా. దాన్ని ఒళ్ళో పెట్టుకుని ముడతలు సరిచేస్తోంది. ఎక్కడికి పోతాం మేం? ఇండియాలో మా ఊరేదో కూడా మాకు సరిగ్గా తెలియదు. సంతకం పెట్టేశాను. మావయ్య నా కింద పెట్టాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

ఆ సాయంత్రానికి శవం వచ్చింది. చీకటి పడకముందే సమాధి చేసేశాం. ఇల్లు చేరాక మరదలు వాళ్ళిచ్చిన కాగితం నకలు నా చేతిలో పెట్టింది. "సదువు వదినా" అంది. నేను కళ్ళద్దాలు పెట్టుకున్నాను. అక్షరాలు కనబడుతున్నాయి, నోరు మాత్రం వేరే చదివింది. అధికారిని చూసి, మర్యాద కోసం, భుజం మీది కొక్కెం తీసి కింద పెట్టబోతుండగా పొరపాటున కాల్చారు అని చదివాను. తడుముకోకుండా చదివాను. "అలగే రాసినారా?" అంది. "అలగే రాసినారు" అన్నాను. ఆమె నా రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. నేను చచ్చిపోతే బాగుండుననిపించింది.

ఆ కాగితం ఆమె బైబిల్లో పెట్టుకుంది. ఎవరికీ ఇవ్వలేదు, ఎక్కడ చిరుగుతుందోనని. ప్రతి ఆదివారం అది నా పక్కనే, ఆమె ఒళ్ళో. నేను పాట పాడుతున్నా కళ్ళు దాని మీదే ఉండేవి.

నలభయ్యో రోజు జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాటలయ్యాయి, ప్రార్థనయింది. మరదలు లేచి ఆ కాగితం తీసింది. తిన్నగా మావయ్య దగ్గరికి వెళ్ళింది. "మావయ్యా, ఆలు ఏటి రాసిచ్చినారో నువ్వు సదువు. అందరూ ఇనాలి. ఆయన మర్యాదకే తీసినాడని ఆలే రాసినారు. వదిన సదివి సెప్పినాది" అంది.

మావయ్య కాగితం విప్పాడు. ఆయనకి చదవనక్కర్లేదు, అందులో ఏముందో ఆయనకి తెలుసు. ఒకసారి నా వైపు చూశాడు. గొంతు సవరించుకుని బర్మా కాగితం చూస్తూ తెలుగులో చదివాడు: అధికారిని చూసి, మర్యాద కోసం, కొక్కెం కింద పెట్టబోతుండగా. ఆడవాళ్ళు ఏడ్చారు. హమ్మయ్య అనుకున్నాను నేను. సిగ్గులేకుండా అనుకున్నాను.

మరదలు ఏడవలేదు. కాగితం తిరిగి తీసుకుని మడత పెట్టింది. "అయితే ఆపీసరిదే తప్పని ఆలే ఒప్పుకున్నారు కదా. రేపు దీన్ని పట్టుకుని పెద్దాపీసుకి ఎల్తాను. ఈ ఊళ్ళో ఇంకో మనిసిని ఇలగ కాల్సకండని అడుగుతాను. సాచ్చికానికి నువ్వు రా వదినా" అంది.

ఆ కాగితం పట్టుకుని ఆమె అక్కడికి వెళ్తే ఏమవుతుందో నాకు తెలుసు. మావయ్యకీ తెలుసు. నేనే లేచి నిలబడ్డాను. అందరి ముందూ చెప్పాను. అందులో అలా లేదు. దాడి చెయ్యబోయాడని ఉంది. నీకు అబద్ధం చదివాను. మావయ్య చదివింది కూడా నా అబద్ధమే.

ఆమె అరవలేదు. తిట్టినా బాగుండేది. కాగితం మళ్ళీ విప్పి నా ముందు పెట్టింది. "మరి దీని కింద ఎవులు సంతకం ఎట్టినారు?" అంది.

"నాను."

"ఏది, సూపించు."

చూపించాను. ఆమె దాని మీద వేలు పెట్టి, అక్షరం అక్షరం తడుముతూ, అది మనసులో నాటుకునేదాకా చూసింది. చదువు రాని మా మరదలు ఆ కాగితంలో గుర్తుపట్టగలిగేది ఇప్పుడు నా సంతకం ఒక్కటే.